నేర్సుకున్నోళ్ళను ఏంజేస్తరు

ఆయన పోయారన్న సంగతి నాకు కంపెనీ బస్సు డ్రైవరు చెప్పాడు. హనుమకొండ చౌరస్తాలో ఎక్కి రెండో వరుసలో కూర్చున్నాక, అద్దంలోంచి నన్ను చూస్తూ, "మేడం, మన మాస్టరు పోయిండట. నిన్న పగటీలి" అన్నాడు. బస్సు నిండా జనం ఉన్నారు. అందులో చాలామందికి ఆ మాస్టరు ఎవరో తెలియదు. వాళ్ళు కొత్త బ్యాచ్. తెలిసిన ఇద్దరు ముగ్గురు "అయ్యో" అన్నారు. బస్సు కదిలింది.

మా మిల్లులో పని మానేసినవాళ్ళు చనిపోతే నోటీసు బోర్డులో పెట్టే పద్ధతి లేదు. ఆయన పేరు నేనూ ఇక్కడ రాయడం లేదు. ఆయన అన్న కొడుకు ఇంకా మా దగ్గరే పనిచేస్తున్నాడు. పేరు రాస్తే అతనికి ఇబ్బంది.

మిల్లు వరంగల్ బయట, నర్సంపేట వైపు ఉంది. నూలు లోపలికి వస్తుంది, బట్ట బయటికి పోతుంది. నేను అక్కడ ఆఫీసులో శిక్షణ రికార్డులు చూస్తాను. ఎవరు ఎప్పుడు చేరారు, ఏ రోజు ఏం నేర్పారు, ఎవరు సంతకం పెట్టారు, ఇవన్నీ ఫైలులో ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళకు మగ్గం నడపడం ఆయన నేర్పేవారు. నేర్పినట్టు నేను రాసేదాన్ని. నాలుగేళ్ళు మా ఇద్దరి మధ్య ఉన్న సంబంధం అదే.

ఆయన అనగానే నాకు మొదట గుర్తొచ్చేది గొంతు. సూరత్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పవర్‌లూమ్ షెడ్డుల్లో పనిచేసి వచ్చిన మనిషి. పవర్‌లూమ్‌ను ఆయన ఎప్పుడూ సాంచె అనే అనేవారు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఆఫీసులోకి వచ్చి "బిడ్డా, రెండు పెన్నులియ్యి" అంటే పక్క గదిలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడేవారు. అదే మనిషి మగ్గాల దగ్గర నోరు తెరిచేవారు కాదు. అక్కడ అన్నీ చేతులతోనే. అరచెయ్యి చాపితే ఆపమని. రెండు వేళ్ళు కత్తెరలా పెడితే పోగు కొస కత్తిరించమని. బొటనవేలి గోరును చూపుడువేలి కొసన ఆనించి చూపిస్తే, ముడి అంత చిన్నగా ఉండాలని. బాగా వేసినవాళ్ళను మెచ్చుకోవడానికి మాత్రం ఆయన దగ్గర సైగ లేదు. ముడి మీద వేలితో ఒకసారి రాసి, ఏమీ అనకుండా ముందుకు పోతే అదే మెచ్చుకోలు.

మా దగ్గర మగ్గాలు కొత్తవి. పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగుతుంది, పైన దీపం వెలుగుతుంది. మనిషి పోయి, తెగిన పోగు ఎక్కడుందో వెతికి, ముడి వేసి, మళ్ళీ నడిపించాలి. చెప్పడానికి ఇంతే పని. ఒక్కొక్కరికి నాలుగు మగ్గాలు అప్పగిస్తే ఈ ఇంత పనికే మనిషి రోజంతా నిలబడడు, నడుస్తూనే ఉంటాడు.

మొదటి వారం ఆయన ఎవరినీ మగ్గం ముట్టుకోనిచ్చేవారు కాదు. స్టోరు ముందు అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి, కళ్ళకు గుడ్డ కట్టి, చేతికి నూలు ఇచ్చేవారు. ముడి వేయాలి, కత్తిరించాలి, మళ్ళీ వేయాలి. ఒక కుర్రాడు "మాస్టర్, పెళ్ళిల ఆటలాడిస్తున్నట్టున్నదే" అంటే అందరూ నవ్వారు. ఆయనకు వినపడలేదు గానీ నవ్వుతున్న ముఖాలు చూసి ఆయన కూడా నవ్వారు. తర్వాత, "తెగిన పోగును ఎతుక్కునుడు కండ్ల పని. ముడేసుడు ఏళ్ళ పని. ఒకల పని ఇంకొకలకు చెప్తే రెండు చెడతయ్" అన్నారు.

కంపెనీ ఇచ్చిన శిక్షణ పుస్తకంలో ఇదేమీ లేదు. అది ఇంగ్లీషులో ఉన్న మందపాటి పుస్తకం. ప్రపంచంలో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు ఉద్యోగులకు ఎలా నేర్పిస్తాయో, ఎలా ఎదగనిస్తాయో అందులో ఉంది. మొదటి రోజు కంపెనీ ఆశయాలు, రెండో రోజు చరిత్ర, మూడో రోజు భద్రత. ప్రతి పేజీలోనూ ఏదో దేశంలో పసుపు టోపీలు పెట్టుకున్న మనుషులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి నవ్వుతుంటారు. ఆయన నా బల్ల ముందు కూర్చుని ఒకరోజు దాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు.

"బొమ్మలు మంచిగున్నయ్. ఏ దేశపోళ్ళు వీళ్ళు?"

"అన్ని దేశాలవాళ్ళూ ఉన్నారు. అంతటా ఇలాగే నేర్పిస్తారట."

"మంచిదే. మరి అక్కడ నేర్సుకున్నోళ్ళను ఏంజేస్తరు?"

"పనిలో పెట్టుకుంటారు కావచ్చు."

"రాసి ఉన్నదా?"

చూశాను. రాసి లేదు. చివరి పేజీలో సర్టిఫికెట్ ఇస్తున్న ఫొటో ఉంది. అక్కడితో పుస్తకం అయిపోయింది. ఆయన ఆ ఫొటోను కాసేపు చూసి పుస్తకం మూసి నా వైపు జరిపారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి. చప్పుడులో బతికినవాళ్ళకు పెదాలు చదవడం వస్తుంది. సాంచెల షెడ్డులో మాట వినపడదు కాబట్టి పెదాలను బట్టే మాట్లాడుకుంటారు. ఆయనకు తెలుగు, హిందీ, కొంచెం గుజరాతీ పెదాలు వచ్చు. నాకు ఈ సంగతి చాలా రోజులు తెలియదు. బస్సులో పుస్తకం చదువుకోవడం నా అలవాటు. ఒకరోజు బస్సు దిగుతుంటే ఆయన, తన మామూలు గొంతుతో, అందరికీ వినపడేలా, "పొద్దుగాల్నే చావుల గురించి చదువుతవేంది బిడ్డా" అన్నారు. నిజమే, ఆ రోజు నేను చదివింది ఒక తండ్రి చనిపోయిన కథ. చదివేటప్పుడు నా పెదాలు కదులుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత నేను ఆయనకు కనపడేలా కూర్చునేదాన్ని. వారానికోసారి ఏదో ఒకటి అనేవారు. "గా మొగుడు మంచోడు గాదు, ఇడిసిపెట్టమను." ఇంకెవరూ నా పుస్తకాల గురించి అంతగా పట్టించుకోలేదు.

చేరేటప్పుడు అందరికీ చెప్పే మాట ఒకటే. ఆరు నెలలు ట్రైనీ. అప్పటిదాకా స్టైపెండ్. ఆరు నెలల తర్వాత పని వచ్చినవాళ్ళను పర్మనెంట్ చేస్తారు. ఆయన ఈ మాటను నమ్మారు. నమ్మి, ఆరు నెలల పనిని రెండున్నర నెలల్లో నేర్పేసేవారు. దాని గురించి ఆయనకు గర్వం ఉండేది. "సూరత్‌ల ఏడాది పట్టేది. ఇక్కడ మన పిల్లల చేతులు మంచియి" అనేవారు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళందరూ, నలభై ఏళ్ళవాళ్ళు కూడా, ఆయనకు పిల్లలే.

మొదటి బ్యాచ్‌లో కొందరిని తీసుకున్నారు. రెండోదాంట్లో ఇద్దరిని. మూడోదాంట్లో ఎవరినీ తీసుకోలేదు. ఆర్డర్లు లేవన్నారు. ఆర్డర్లు లేకపోతే వారం తిరక్కుండా నాలుగో బ్యాచ్‌ను ఎందుకు పిలిచారో ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

షెడ్డు లోపల మేనేజరుకు ఒక అద్దాల గది ఉంది. చప్పుడు రాకుండా కట్టింది. లోపల మాట బయటికి పోదు కాబట్టి వాళ్ళు అక్కడ ఏదైనా మాట్లాడుకుంటారు. అయిదో బ్యాచ్ నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. మొదటిసారి ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను. ఎంత తగ్గించాలో తెలియక కొన్ని మాటలు గాలిలాగా వచ్చాయి.

"అద్దాల అర్రల మాట్లాడుకుంటాండ్లు. నేను చూసిన. ముసలోడు రెండున్నర నెలలల్ల తయారుజేస్తాండు. మిగిలిన మూడున్నర నెలలు ట్రైనీ జీతానికే పూరా పని నడుస్తది. ఆరు నెలలు గాంగనే కొత్తోళ్ళను పిలుద్దాం. పర్మనెంటు దేనికి? గిట్ల అంటాండ్లు." ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆయనకు అప్పటికే దమ్ము జబ్బు ఉంది. "నేను జల్ది నేర్పబట్టే వీళ్ళు పోతాండ్లే బిడ్డా."

నేను ఏదో అన్నాను. కంపెనీలన్నీ ఇలాగే ఉన్నాయని అన్నట్టున్నాను. అది ఓదార్పు కాదని అన్నాక తెలిసింది.

ఆరో బ్యాచ్ నుంచి ఆయన నేర్పడం మార్చారు. ఆ బ్యాచ్‌లోనే స్వరూప చేరింది. నర్సంపేట అవతల ఊరు. బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పర్మనెంటు ఉద్యోగమని ఆశపడి ఆ వంట పని ఇంకొకామెకు వదిలేసి వచ్చింది. భర్త బస్తాలు మోసేవాడు. నడుము పట్టేసి ఇంట్లోనే ఉంటున్నాడు. ఇవన్నీ చేరే రోజు ఫారం నింపుతూ ఆమే చెప్పింది. "ఇది పర్మనెంటు గాకపోతే మళ్ళ నాకు ఆ పొయ్యి కూడా లేదు మేడం" అంది.

కళ్ళకు గుడ్డ కట్టిన మూడో రోజుకే ఆమె ముడి సరిగ్గా పడింది. ఆయన వేలితో రాసి చూశారు. తర్వాత కత్తెరతో తెంపి, మళ్ళీ వేయమని సైగ చేశారు. మళ్ళీ వేసింది. మళ్ళీ తెంపారు. వారాలు గడిచినా ఆమెకు మగ్గం ఇవ్వలేదు. భోజనాల దగ్గర ఆమె పట్టేసింది.

"నా ముడికేమైంది కాకా? మొన్న మంచిగున్నదన్నట్టే పోతివి."

"జర నిమ్మలంగ నేర్సుకో."

"నిమ్మలంగ ఏస్తే ముడి గూడ నిమ్మలంగ ఊడిపోతది!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. కంచం పక్కకు పెట్టి, "జల్ది నేర్సుకోకు బిడ్డా" అన్నారు. గొంతు తగ్గించడం ఆయనకు చేతకాదు కాబట్టి ఇది క్యాంటీన్ మొత్తానికి వినపడింది.

"గదేం మాట కాకా? నేర్పెటోడివి నువ్వే. నేర్సుకోకనెటోడివి నువ్వేనా?"

ఆ రోజు ఆయన బ్యాచ్ మొత్తాన్ని స్టోరు ముందుకు తీసుకుపోయి విషయం చెప్పారు. ఆయన లెక్క ఇది. సాంచెల షెడ్డుల్లో పని సగం వచ్చినవాణ్ణి ఏ ఆసామీ, అంటే షెడ్డు యజమాని, బయటికి పంపడు. ఇంత తిండి పెట్టి నేర్పాం, పూర్తిగా నేర్చుకునేదాకా ఉంచుకుందాం అనుకుంటాడు. నేర్చుకున్నవాడే వేరే షెడ్డుకు పోతాడని ఆసామి భయం. ఆయన సూరత్‌లో ముప్పై ఏళ్ళు చూసింది ఇదే. కాబట్టి ఆరు నెలలు నిండినా వీళ్ళకు పని పూర్తిగా రాకపోతే, కంపెనీ వీళ్ళను ఉంచుకోక తప్పదు. ఏడాది దాటిందంటే ట్రైనీ అనడానికి ఉండదు. అప్పుడు పర్మనెంటు చేయాల్సిందే.

వాళ్ళు నమ్మారు. నేర్పేవాడు చెప్పాడు కాబట్టి నమ్మారు. ఆ తర్వాత మగ్గాలు ఇచ్చినా, ఆరు నెలలు నిండేదాకా ముప్పై మంది, వచ్చిన పనిని రానట్టు చేశారు. అది అంత సులువు కాదు. పోగు తెగి దీపం వెలిగితే వెతుకుతున్నట్టు నిలబడటం, ముడి వదులుగా వేసి మళ్ళీ తెగనివ్వడం. సూపర్‌వైజర్ తిట్లు పడటం. స్వరూపకు ఇది అసలు చేతకాలేదు. తన మగ్గం దగ్గర ఎలాగో ఓర్చుకునేది. పక్క మగ్గం దీపం వెలిగితే మాత్రం చెయ్యి పోయేది. ఎవరూ చూడటం లేదనుకుని ముడి వేసి, నడిపించి, తన చోటికి వచ్చి నిలబడేది. సూపర్‌వైజర్ చూశాడు.

ఆరో నెలలో మదింపు ఫారాలు వస్తాయి. ఒక్కొక్కరికి ఒకటి. "సొంతంగా మగ్గం నడపగలరా?" అన్న ప్రశ్న ఎదురుగా మాస్టరు టిక్కు పెట్టాలి. ఆయన నా బల్ల దగ్గరే కూర్చుని ముప్పైకి ముప్పై ఫారాల్లో లేదని పెట్టారు. స్వరూప ఫారం దగ్గర కొంచెం ఆగారు. "అబద్ధం రాసుడు చెయ్యికి కష్టమే" అని దానిలోనూ లేదని పెట్టి సంతకం చేశారు.

ఆ ఫారం వెనక వైపు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలున్నాయి. ఆరు నెలల్లో తగిన ప్రమాణం అందుకోని ట్రైనీలను ఏ కారణమూ చూపకుండా పంపించవచ్చని వాటిలో ఒకటి. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు. ఆ ఫారాలు నేనే అచ్చు వేయించాను. ముప్పై మందినీ ఒకేసారి పంపించరులే, పంపిస్తే మగ్గాలు ఎవరు నడుపుతారు అనుకున్నాను. అది ఒక కారణం. రెండో కారణం, చెబితే ఆయన నేరుగా అద్దాల గదికి పోయి ఆ గొంతుతో నా పేరు చెబుతారని భయపడ్డాను. రెండిట్లో ఏది పెద్దదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు.

ఇరవై తొమ్మిది మందిని పంపించారు. వాళ్ళకు పని రాదని మాస్టరే రాసిచ్చాడు కదా అన్నారు. గేటు దగ్గర ఒకామె ఆయన కాళ్ళ ముందు మట్టి ఎత్తి పోసింది. ఇంకొకతను, "నీ మాట ఇని చేతులు కట్టుకున్నం గదనె" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాట ఆయనకు వినపడేటంత గట్టిగా కూడా అనలేదు. కానీ ఆయన చూశారు.

ముప్పై మందిలో ఒక్కరికీ పని నేర్పలేకపోయాడని ఆయన్నూ తీసేశారు. ఆ కాగితం చేతికివ్వాల్సింది నేనే. చదవమన్నారు. తెలుగులో చెబుతూ చదివాను. ఆయన కాగితం వైపు చూడలేదు, నా నోటి వైపు చూస్తున్నారు. అయిపోయాక అడిగారు.

"గా ఫారం ఎనకనే ఉన్నదటగద. పంపియ్యొచ్చని."

తల ఊపాను.

"నీకెర్కేనా?"

ఎరుకే అన్నాను. గొంతు రాలేదు. ఆయనకు గొంతుతో పని లేదు.

చాలాసేపు నా ముఖం వైపే చూశారు. తిడతారేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "సరేతియ్" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీని మళ్ళీ బల్ల కిందికి తోసి, వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏడాదిన్నర బతికారు. కొత్తవాడలో ఆయన ఇల్లు నా బస్సు దారికి దూరం కాదు. నేను పోలేదు.

డ్రైవరు చెప్పిన రోజే సగం రోజు సెలవు పెట్టి పోయాను. పొద్దుననే తీసుకుపోయారట. ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాంట్లో స్వరూప కూర్చుని ఉంది. ముప్పై మందిలో కంపెనీ ఉంచుకున్నది ఆమె ఒక్కదాన్నే. సూపర్‌వైజర్ ఆమె చేతిని చూశాడు కదా. మాస్టరును తీసేశాక నేర్పే మనిషి కావాలి కాబట్టి ఆమెనే ఆయన చోట పెట్టారు. ఆరు నెలలకోసారి కొత్తగా చేరినట్టు ఆమె చేత సంతకం పెట్టిస్తారు.

"మీరు రారనుకున్న మేడం" అంది.

పక్క కుర్చీలో కూర్చున్నాను.

"నన్ను మాస్టర్ జేస్తాండ్లన్ననాడు ఈడికే ఒచ్చిన. కాకా, నీ కుర్సీల నన్ను కూసోమంటాండ్లు, ఉండాల్నా పోవాల్నా అని అడిగిన."

"ఏమన్నారు?"

"నీ మొగని నడుము ఎట్లున్నది అన్నడు. గట్లనే ఉన్నదన్న. అయితే ఉండు అన్నడు. ఉండు గని నిమ్మలంగ నేర్పు, నీకు నిమ్మలంగ నేర్ప ఒస్తదా అన్నడు. ఒస్తదన్న."

"వచ్చిందా?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. చూపుడువేళ్ళ కొసలు నూలు కోసి గీతలు పడి ఉన్నాయి.

"ఒస్తలేదు మేడం. తప్పు ముడి ఏసి సూపియ్యాలె అనుకుంటనే నిలబడ్త. చెయ్యి ఏస్తలేదు. ఇప్పుడున్నోళ్ళకు రెండు నెలలు గూడ పట్టలే. కాకకు ఈ సంగతి చెప్పలే. మొన్న అడిగిండు. నిమ్మలంగనే నేర్పుతాన్న అన్న. నా మూతి దిక్కు చూసిండు" అంది.

లోపల నుంచి ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. ఆమె తాగలేదు. గంట పర్మిషనే దొరికిందట. ఫోను తీసి టైము చూసుకుని, చెప్పులు వేసుకుని లేచింది. లేచేటప్పుడు మెడలో కార్డు ముందుకు ఊగింది. దాని మీద ఆమె పేరు కింద ట్రైనీ అని ఉంది. ఆ కార్డు మూడోసారి ప్రింటు తీసి ఇచ్చింది నేనే.